ప్రొబేట్ ఇక తప్పనిసరి కాదు... మరి వీలునామాను పరీక్షించేదెవరు?

చెన్నైలో ఒక ఫ్లాటు, విజయవాడలో ఒక ఇల్లు. రెండింటినీ ఒకే వీలునామాలో కూతురి పేరున రాసి ఒక తండ్రి చనిపోయారనుకుందాం. 2025 చివరి వరకు ఆ కాగితానికి రెండు ఊళ్లలో రెండు రకాల విలువ ఉండేది. విజయవాడ ఇంటి విషయంలో వీలునామా చూపించి కూతురు నేరుగా తన హక్కు అడగొచ్చు. చెన్నై ఫ్లాటుపై మాత్రం, ముందుగా కోర్టు నుంచి ప్రొబేట్ గానీ, వీలునామా జతచేసిన నిర్వహణాధికార పత్రం గానీ తెచ్చుకోకపోతే ఏ కోర్టులోనూ ఆమె తన హక్కును నిరూపించుకోలేరు. కాగితం ఒకటే, సంతకం ఒకటే, సాక్షులూ వారే. మారింది ఊరు మాత్రమే.

ఈ తేడాకు కారణమైన భారత వారసత్వ చట్టం-1925లోని 213వ సెక్షన్‌ను పార్లమెంటు తొలగించింది. కాలం చెల్లిన చట్టాలను వదిలించుకునేందుకు 2025 డిసెంబరులో ఆమోదించిన రద్దు, సవరణల చట్టంలో ఇదీ ఒక భాగం. దీంతో చెన్నై, ముంబై, కోల్‌కతాల్లో ఆస్తులున్న కుటుంబాలకు ఒక పెద్ద భారం తగ్గింది. అయితే ‘ఇక వీలునామాకు కోర్టు అక్కర్లేదు’ అని దీన్ని అర్థం చేసుకుంటే పొరపాటే. తప్పనిసరి అన్న నిబంధన పోయింది గానీ, వీలునామాను రుజువు చేయాల్సిన అవసరం పోలేదు. ఆ రుజువు ఎప్పుడు, ఎవరి ముందు, ఎవరికి తెలిసేలా జరుగుతుందన్నదే మారింది.

1870లో గీసిన గీత

హిందువుల వీలునామాలకు ప్రొబేట్ నిబంధనను బ్రిటిష్ ప్రభుత్వం 1870 నాటి హిందూ వీలునామాల చట్టంతో తెచ్చింది. దేశమంతటికీ కాదు. అప్పటి బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ పాలనలోని ప్రాంతాలకు, మద్రాసు, బొంబాయి హైకోర్టుల సాధారణ ఒరిజినల్ సివిల్ పరిధికి మాత్రమే. ఒరిజినల్ పరిధి అంటే హైకోర్టు అప్పీళ్లు వినడమే కాకుండా నేరుగా దావాలు విచారించే నగర ప్రాంతం. అందుకే గుంటూరు, విశాఖపట్నం, కర్నూలు జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నా ఈ నిబంధన వాటికి వర్తించలేదు. నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ సంస్థానం సంగతి చెప్పక్కర్లేదు.

1925లో వారసత్వ చట్టాలన్నిటినీ ఒకచోట చేర్చినప్పుడు ఆ పాత గీత 57, 213 సెక్షన్లలోకి వచ్చి చేరింది. మతాన్ని బట్టి కూడా తేడాలుండేవి. ముస్లింలకు ఈ నిబంధన లేదు. 1962 సవరణతో మూడు మహానగరాల పరిధిలో పార్సీలకూ వర్తింపజేశారు. భారతీయ క్రైస్తవులకు 2002లో మినహాయింపు ఇచ్చారు. చివరికి హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు, పార్సీలు మిగిలారు. అది కూడా కొన్ని ప్రాంతాల్లోనే. ఇలా ఊరిని, మతాన్ని బట్టి మారే నిబంధన కొనసాగడంలో అర్థం లేదన్న వాదనే దాని తొలగింపునకు దారితీసింది.

ప్రొబేట్ కోర్టు చూసేది ఒక్కటే

ప్రొబేట్ అంటే ‘ఈ కాగితం ఫలానా వ్యక్తి రాసిన చివరి వీలునామాయే’ అని కోర్టు ధ్రువీకరించి, తన ముద్ర వేసి ఇచ్చే నకలు. ఆస్తి ఎవరిదన్న ప్రశ్న జోలికి ప్రొబేట్ కోర్టు వెళ్లదు. వీలునామాను చట్టప్రకారం రాశారా, రాసినప్పుడు ఆ వ్యక్తి మనసు స్థిమితంగా ఉందా అన్నవే చూస్తుందని సుప్రీంకోర్టు 1954లో ఈశ్వర్‌దేవ్ నారాయణ్ సింగ్ కేసులోనే స్పష్టం చేసింది. ఉమ్మడి కుటుంబ ఆస్తినంతా తన సొంతమని రాసేసిన పెద్దమనిషి వీలునామాకు కూడా ప్రొబేట్ రావచ్చు. కానీ అందులో ఆయన వాటాకు మించిన భాగం ఎవరికి చెందుతుందో తేల్చడానికి వేరే దావా వేయాల్సిందే.

వీలునామా చెల్లడానికి చట్టం కోరేది కొద్దిపాటి పద్ధతే. రాసిన వ్యక్తి సంతకం గానీ వేలిముద్ర గానీ ఉండాలి. కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రాసిన వ్యక్తి సంతకం చేయడాన్ని వారు చూసి ఉండాలి, లేదా అది తన సంతకమేనని ఆ వ్యక్తి వారితో చెప్పి ఉండాలి. స్టాంపు కాగితం అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్టర్ చేసిన వీలునామాను ఎవరూ ప్రశ్నించలేరనే నమ్మకం జనంలో బలంగా ఉంది గానీ అది నిజం కాదు. రిజిస్ట్రేషన్ ఒక సానుకూల సాక్ష్యం మాత్రమే. సాక్షి బతికుండి, కోర్టుకు రాగల స్థితిలో ఉంటే కనీసం ఒక్కరినైనా పిలిచి చెప్పించాల్సిందే. పాత సాక్ష్య చట్టంలోని ఈ నియమం భారతీయ సాక్ష్య అధినియం-2023లోనూ కొనసాగుతోంది.

అనుమానాలుంటే వాటిని తొలగించే బాధ్యత వీలునామాను తెచ్చినవారిదే. 1959లో హెచ్. వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాలను నేటికీ కోర్టులు పాటిస్తున్నాయి. వణికిన సంతకం, మంచాన పడిన మనిషి, కారణం లేకుండా భార్యనో పిల్లల్లో ఒకరినో పూర్తిగా పక్కన పెట్టడం, ఆస్తి దక్కే వ్యక్తే దగ్గరుండి వీలునామా రాయించడం వంటివి అనుమానాస్పద పరిస్థితులు. ఇవి ఉన్నంత మాత్రాన వీలునామా చెల్లదని కాదు. కోర్టు మనసుకు నమ్మకం కలిగేలా వివరణ ఇవ్వాలి.

పిటిషన్ నుంచి తీర్పు దాకా

వీలునామాను అమలు చేసేందుకు అందులో పేర్కొన్న వ్యక్తిని ఎగ్జిక్యూటర్ అంటారు. ప్రొబేట్ ఇచ్చేది ఆ వ్యక్తికి మాత్రమే. ఎవరినీ పేర్కొనకపోతే, ఆస్తి పొందేవారు వీలునామాను జతచేసి నిర్వహణాధికార పత్రం కోసం దరఖాస్తు చేసుకోవాలి. మరణించిన వ్యక్తి స్థిర నివాసం గానీ, ఆస్తి గానీ ఏ జిల్లాలో ఉంటే అక్కడి జిల్లా జడ్జి కోర్టులో పిటిషన్ వేయొచ్చు. మరణించిన ఏడు రోజుల లోపు ప్రొబేట్, పద్నాలుగు రోజుల లోపు నిర్వహణాధికార పత్రం ఇవ్వడానికి వీల్లేదు.

పిటిషన్‌లో మరణించిన తేదీ, వీలునామా చట్టప్రకారం రాసిందేనన్న ప్రకటన, చేతికి రాబోయే ఆస్తుల అంచనా విలువ ఉండాలి. దొరికితే ఒక సాక్షి ధ్రువీకరణ కూడా జతచేయాలి. ఆ తర్వాత కోర్టు, ఈ ఆస్తిలో ఆసక్తి ఉన్నవారంతా వచ్చి విచారణ చూసుకోవాలని నోటీసులు ఇస్తుంది. పత్రికల్లో చిన్న అక్షరాలతో కనిపించే కోర్టు ప్రకటనల్లో ఇలాంటివీ ఉంటాయి.

అభ్యంతరం ఉన్నవారు కేవియట్ వేయొచ్చు. కేవియట్ పడిందంటే, వేసినవారికి నోటీసు వెళ్లకుండా విచారణ ముందుకు సాగదు. వివాదం తేలకపోతే అక్కడి నుంచి అది మామూలు సివిల్ దావాలాగే నడుస్తుంది. ప్రొబేట్ కోరినవారు వాది, వ్యతిరేకించినవారు ప్రతివాది. సాక్షుల విచారణ, అడ్డు ప్రశ్నలు, అవసరమైతే చేతిరాత నిపుణుల నివేదిక... అన్నీ ఉంటాయి. కొన్ని నెలల్లో ముగియాల్సినది ఏళ్ల తరబడి సాగేది ఇక్కడే.

ప్రొబేట్ వచ్చాక అది ఆ ఇద్దరి మధ్య తీర్పుగా మిగిలిపోదు. వీలునామా నిజమైనదేనన్న విషయంలో అందరికీ కట్టుబాటవుతుంది. ఎగ్జిక్యూటర్ ఆరు నెలల్లో ఆస్తుల జాబితాను, ఏడాదిలో లెక్కలను కోర్టుకు సమర్పించాలి. నోటీసు అందాల్సినవారికి అందకపోయినా, మోసం చేసి తెచ్చుకున్నారని తేలినా ప్రొబేట్‌ను రద్దు చేసే అధికారం కోర్టుకు ఉంది.

తగ్గిన భారం, పోయిన రక్షణ

గొడవ లేని కుటుంబానికి 213వ సెక్షన్ తొలగింపు నిజమైన ఊరట. ఒక్కగానొక్క కొడుకు, అభ్యంతరం చెప్పేవారు లేరు. అయినా ఆస్తి విలువను బట్టి కోర్టు ఫీజు, వకీలు ఖర్చు, నెలల నిరీక్షణ తప్పేవి కావు. ఇప్పుడు ఆ అవసరం లేదు.

దీనికి మరో వైపు కూడా ఉంది. తప్పనిసరి ప్రొబేట్ చేసిన ఒక మేలు నోటీసు. పెళ్లై వేరే రాష్ట్రంలో ఉంటున్న కూతురికి తండ్రి పేరిట ఒక వీలునామా బయటికొచ్చిందని ఆ నోటీసుతోనే తెలిసేది. ఇక ఆ మెట్టు లేకుండానే వీలునామాను మున్సిపల్ కార్యాలయానికో, హౌసింగ్ సొసైటీకో చూపించి పేరు మార్పించుకునే ప్రయత్నాలు జరుగుతాయి. ఆ సంగతి తెలిసి, అది నకిలీ అని అనుమానం వచ్చిన వారసురాలే దావా వేసుకోవాలి.

తెలుగు రాష్ట్రాలకు ఇది కొత్త కాదు. ఇక్కడి హిందూ కుటుంబాలు తరాలుగా ప్రొబేట్ లేకుండానే నెట్టుకొస్తున్నాయి. అందుకే మన సివిల్ కోర్టుల్లో వీలునామాలు తరచుగా మొదటిసారి కనిపించేది పార్టిషన్ దావాలో, ప్రతివాది జవాబులో. చెల్లెలు వాటా అడిగితే ‘నాన్న ఎప్పుడో నాకు రాసిచ్చారు’ అని అన్న ఒక కాగితం బయటపెడతారు. అప్పటికి సాక్షులు పోయి ఉండొచ్చు, రాసిన దస్తావేజు లేఖరి పోయి ఉండొచ్చు. బతికున్న సాక్షి లేకపోతే, సాక్షుల్లో ఒకరి చేతిరాతనైనా, వీలునామా రాసిన వ్యక్తి సంతకాన్నీ గుర్తుపట్టేవారిని వెతుక్కోవాలి. మొదటి ఏడాదిలోనే పరీక్షకు నిలిచి ఉంటే తేలిపోయే విషయం, ఇరవై ఏళ్ల తర్వాత మసకబారుతుంది. నిజమైన వీలునామాకు కూడా ఇది ప్రమాదమే.

రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కితే హక్కు వచ్చినట్టేనన్న భ్రమ కూడా ఇక్కడ బలమైనది. మ్యుటేషన్ పన్ను వసూలు కోసమే తప్ప యాజమాన్యాన్ని ఇవ్వదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. వీలునామా ఆధారంగా హక్కు కోరేవారు, వివాదం ఉంటే సివిల్ కోర్టుకే వెళ్లాలని 2021లో జితేంద్ర సింగ్ కేసులో మరోసారి స్పష్టం చేసింది. తెలంగాణలో 2025 ఏప్రిల్‌లో మొదలైన భూభారతి విధానంలో వారసత్వ మ్యుటేషన్‌కు ముందు తహసీల్దార్ నోటీసులిచ్చి విచారణ జరిపే ఏర్పాటు ఉంది. వారసులకు కబురు అందడానికి అదొక దారి. కానీ వీలునామా అసలుదో కాదో తేల్చే పని మాత్రం తహసీల్దార్‌ది కాదు.

వీలునామా లేకపోతే వాటాలెలా?

రాతపూర్వకంగా ఏమీ లేనప్పుడు పంపకాన్ని చట్టమే నిర్ణయిస్తుంది. హిందూ పురుషుడి స్వార్జితం భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి మధ్య సమానంగా వెళ్తుంది. ఈ జాబితాలో తరచుగా మరిచిపోయేది తల్లినే. భార్య, ఇద్దరు పిల్లలతో పాటు తల్లి కూడా బతికుంటే ఆస్తి నాలుగు వాటాలవుతుంది. తండ్రి మొదటి శ్రేణి వారసుడు కాడు.

ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు జన్మతః హక్కును దేశమంతటా 2005 సవరణ ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఆ హక్కు కల్పించింది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నారా లేదా అన్నదానితో సంబంధం లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా పూర్తయిన పంపకాలను మాత్రం తిరగదోడడానికి వీల్లేదు.

హిందూ స్త్రీ ఆస్తికి దారి వేరు. ముందు పిల్లలు, భర్త. వారెవరూ లేకపోతే ఆమె సొంతంగా సంపాదించినది కూడా కన్నవారికంటే ముందు భర్త వారసులకు వెళ్తుంది. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చినది మాత్రం, పిల్లలు లేకపోతే, తండ్రి వారసులకు తిరిగి చేరుతుంది. ఈ చిక్కుల వల్లే మహిళలు వీలునామా రాసుకోవాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో విజ్ఞప్తి చేసింది.

ముస్లింలలో వాటాలు షరియత్ ప్రకారం ఉంటాయి. వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామా రాయడం కుదరదు. క్రైస్తవులకు 1925 చట్టమే వర్తిస్తుంది. పిల్లలుంటే భార్యకు మూడో వంతు, మిగిలినది పిల్లలకు సమానంగా.

సర్టిఫికెట్ల గందరగోళం

ఇంట్లో మరణం జరిగిన నెల రోజుల్లోనే కుటుంబం వినే పదాలు మూడు: ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, సక్సెషన్ సర్టిఫికెట్, నామినీ. మూడూ వేర్వేరు.

తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కుటుంబంలో ఎవరెవరున్నారో చెబుతుంది. పింఛను, కారుణ్య నియామకం వంటి పనులకు పనికొస్తుంది. ఆస్తిలో ఎవరి వాటా ఎంతో తేల్చదు.

సక్సెషన్ సర్టిఫికెట్ ఇచ్చేది సివిల్ కోర్టు. బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, బాండ్లు, మరణించినవారికి రావాల్సిన బాకీలు వంటి వాటికే ఇది. ఇళ్లు, పొలాలకు వర్తించదు. మరణించిన వ్యక్తి సాధారణంగా నివసించిన ప్రాంతపు కోర్టులో దరఖాస్తు చేయాలి. దగ్గరి బంధువుల పేర్లన్నీ అందులో రాయాలి. నోటీసులిచ్చి, క్లుప్త విచారణ జరిపి కోర్టు సర్టిఫికెట్ ఇస్తుంది. దాన్ని నమ్మి డబ్బు చెల్లించిన బ్యాంకుకు చట్టం రక్షణ ఇస్తుంది. కానీ డబ్బు తీసుకున్న వ్యక్తే అసలు హక్కుదారు అని అది ఖరారు చేయదు. మిగతా వారసులు తర్వాత దావా వేసి తమ వాటా అడగొచ్చు.

చిన్న మొత్తాలకు కోర్టు అవసరం తగ్గుతోంది. రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, నామినీ లేని ఖాతాల్లోనూ వివాదం లేకపోతే 15 లక్షల రూపాయల వరకు, సహకార బ్యాంకుల్లో 5 లక్షల వరకు సరళ పద్ధతిలో చెల్లించాలి.

ఇక నామినీ. డబ్బును బ్యాంకు నుంచి తీసుకునే అధికారం నామినీది. దాన్ని అనుభవించే హక్కు వారసులది. 1983లో సర్బతీ దేవి కేసులో బీమా పాలసీ గురించి, 2023 డిసెంబరులో శక్తి యజ్దానీ కేసులో షేర్ల గురించి సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. బీమా చట్టానికి 2015లో చేసిన సవరణ తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలైతే వారిని లబ్ధిదారులుగా పేర్కొంది. బ్యాంకు ఖాతాలకు అలాంటి నిబంధన లేదు. తమ్ముణ్ని నామినీగా పెట్టి పెళ్లయ్యాక మార్చడం మరిచిపోయినవారి భార్యాపిల్లలు తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

చివరి మెట్టు పార్టిషన్ దావా

మాటలతో తేలకపోతే మిగిలేది పార్టిషన్ దావా. వారసులందర్నీ అందులో కక్షిదారులుగా చేర్చాలి. కోర్టు ముందు ఎవరి వాటా ఎంతో చెబుతూ ప్రాథమిక డిక్రీ ఇస్తుంది. తర్వాత అడ్వకేట్ కమిషనర్ ఆస్తిని పరిశీలించి, హద్దులు చూపి విభజన నివేదిక ఇస్తారు. దాని ఆధారంగా తుది డిక్రీ వస్తుంది. ప్రాథమిక డిక్రీ చేతికొచ్చాక దస్త్రాన్ని మూలన పడేయడం వల్లే ఏళ్లు గడిచిపోయేవి. విడిగా దరఖాస్తు కోసం ఆగకుండా కోర్టులే తుది డిక్రీ దిశగా విచారణ కొనసాగించాలని 2022లో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి మరో రెండు విషయాలు ముఖ్యం. ఊళ్లో ఆస్తి చూసుకోమని తండ్రి ఇచ్చిన జీపీఏ, సాధారణంగా ఆయన మరణంతోనే ముగిసిపోతుంది. ఆ తర్వాత దాంతో చేసే అమ్మకం చిక్కుల్లో పడుతుంది. అలాగే అమెరికాలోనో, బ్రిటన్‌లోనో అక్కడి కోర్టు రుజువైనదిగా అంగీకరించిన వీలునామా ఉంటే, దాని ధ్రువీకృత నకలు ఆధారంగా ఇక్కడి కోర్టు నిర్వహణాధికార పత్రం ఇవ్వొచ్చు.

కోరుకుంటే ఇప్పటికీ ఉంది

213వ సెక్షన్ పోయినా ప్రొబేట్ ఇచ్చే మిగతా సెక్షన్లన్నీ అలాగే ఉన్నాయి. కాబట్టి ఇక ప్రశ్న ‘ప్రొబేట్ తీసుకోవాలా’ అని కాదు, ‘ఎప్పుడు తీసుకుంటే మంచిది’ అని. పిల్లల్లో ఒకరిని పక్కన పెట్టిన వీలునామా, రెండో పెళ్లి ఉన్న కుటుంబం, పలు రాష్ట్రాల్లో విస్తరించిన ఆస్తి, వయసు మీదపడిన సాక్షులు... ఈ నాలుగింటిలో ఏది ఉన్నా, సాక్షులు బతికుండగానే కోర్టు ముందు వీలునామాను రుజువు చేసుకోవడం తర్వాతి తరానికి మేలు. ఏ గొడవా లేని ఇంట్లో మాత్రం వారసులంతా కలిసి రిజిస్టర్ చేసుకునే పంపకాల దస్తావేజు చాలావరకు సరిపోతుంది.

వాటా రావాల్సినవారు చేయాల్సిన పని కూడా ఒకటుంది. నోటీసు దానంతటదే ఇంటికి వస్తుందని ఇక ఎదురుచూడలేరు. మరణం తర్వాత ఆస్తుల ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, మ్యుటేషన్ రికార్డు ఎప్పటికప్పుడు చూసుకోవాలి. వీలునామా ఉందన్న మాట వినిపిస్తే నకలు అడగాలి. అనుమానం ఉంటే జిల్లా కోర్టులో కేవియట్ వేయాలి. చదవకుండా సంతకం పెట్టిన ‘అభ్యంతరం లేదు’ కాగితాన్ని వెనక్కి తీసుకోవడం, పెట్టకుండా ఉండటం కంటే చాలా కష్టం.